గడ్డి కోతల నెలలో

ఎలిసో త్బిలిసీ నుంచి వచ్చింది గడ్డి కోతల నెలలో.
వీపు మీద కాగితపు చుట్టలు, డబ్బా నిండా బొగ్గు కణికలు.
బడి తలుపుకి చీటీ అంటించింది:
శనివారం అందరం కలిసి పాడదాం.
ఆ శనివారం వెళ్ళింది ఇద్దరు పిల్లలూ, తాసో వాళ్ళ కుక్కా.

మాకు గడ్డి పనుంది. పైగా
ఇలాంటివాళ్ళని చూశాం మేం:
రాతి బురుజుల్ని ఫోటో తీస్తారు,
మా గొంతులు పెట్టెలోకి ఎక్కించుకుంటారు,
కాకసస్ మంచు పడకముందే దిగిపోతారు.

సోమవారం పొద్దున్నే వాలులో కనిపించింది
ఎవరిదో కర్రదంతె అరువు పుచ్చుకుని.
చేతకాదు. ఆమె పేర్చిన కుప్ప
గాలి ఒక్కసారి తుమ్మితే లేచిపోయింది.
నవ్వాం. ఆమే నవ్వింది,
అరచేతి బొబ్బలు చూసుకుంటూ.

గురువారం వాన.
ఎడ్లబండి కొట్టంలో దూరాం పదకొండుగురం.
ఊరికే కూచోలేక నేను ఎత్తుకున్నాను, మధ్య గొంతు.
గెలా పై గొంతు కలిపాడు.
కింది గొంతు బిమూర్జాది.
ఫిబ్రవరిలో అతన్ని పూడ్చిన దగ్గర్నుంచి
అక్కడ ఖాళీ వదిలే పాడుతున్నాం,
పన్ను ఊడినచోట నాలుక తిరిగినట్టు.

ఎలిసో ఆ ఖాళీలోకి దిగింది.
నేలమాళిగ తలుపులాంటి గొంతు.
మాట తప్పు. ఒక్కటే స్వరం, అదీ వణుకుతూ.
ఎవరం ఆమె వైపు చూడలేదు.
చూసింది సియూరి వైపు, బిమూర్జా పెళ్ళాం.
శాలువా కొసతో ముక్కు తుడుచుకుని అంది:
"ఇంకా కిందికి.
మొండికేసిన ఎద్దుని లాక్కొచ్చినట్టు లాగేవాడు ఆయన."

మరుసటి శనివారం బడికి
సియూరి తన కుర్చీ తనే మోసుకెళ్ళింది.
వెనకాల మేం. కొందరు జున్ను చేతులతోనే.

పాట నడుస్తుండగా గోడ నుంచి గోడకి కాగితం పరిచింది ఎలిసో.
బొగ్గు చేతికిచ్చి, ఊపిరి ఉన్నంతసేపూ గీయమంది.
గెలా గీత రెండు బారలు.
నాది, ఉబ్బసం పుణ్యమా అని, జానెడు.
సియూరి రెండు గీస్తానంది.
మొదటిది పొట్టిది.
రెండోది మొదలెడుతూ కళ్ళు మూసుకుంది.
కాగితం అయిపోయింది, గీత ఆగలేదు,
నేల చెక్కల మీదుగా
గడప దాకా పోయింది.
చాలు అని ఎవరం అనలేదు.

త్బిలిసీ మాటలో 'మా' అన్నా 'మన' అన్నా ఒకటే.
మా స్వాన్ భాషలో రెండు.
ఆ రాత్రి కుర్చీ ఎత్తుకుంటూ సియూరి
"వచ్చేవారం మన పాటకి పెందలాడే రా" అంది ఆమెతో.
ఆమెకి తేడా తెలిసినట్టు లేదు.
మేం విన్నాం.

వాలులో గడ్డి ఇంకా సగం కోయాలి.