నడిమి గోడ

ముహర్రక్ గల్లీల రెండిండ్లు, నడుమ ఒక్కటే గోడ.
ముత్యాల బేరం జేసిన అన్నదమ్ములు కట్టించుకున్నరంట
అద్దంల చూసినట్టు:
దీని మెట్లు ఎడమకు, దాని మెట్లు కుడికి.
గాలి బురుజు మాత్రం అన్న ఇంటి మీదనే.
ఇప్పుడు రెంటికీ తాళంచెవి సర్కారుది,
తాపీ నాది.

గోడంటే ఏంది, సముద్రమే.
పగడపు పెళ్ల చేతుల పట్టుకుంటే
పేలాల ముద్ద లెక్క తేలిక,
బొక్కల్ల ఇంకా గవ్వలున్నయి.
ఉప్పుల పుట్టింది, ఉప్పే తింటున్నది దీన్ని.
కాగితపు గుజ్జు తడిపి పట్టు వేస్తం,
జొరమొచ్చిన నొసటికి వేసినట్టు.
తెల్లారేసరికి ఉప్పు బయటికొచ్చి
గుజ్జు మీద పూసి ఉంటది.

కప్పుకు చందల్ కట్టెలు,
ఆఫ్రికా మడల్ల పెరిగి పడవలెక్కి వచ్చినయి.
కట్టె ఎంత పొడుగో గది అంత వెడల్పు.
టేపు పట్టిన:
కింద గది పదకొండడుగులు, పై గది పదకొండడుగులు,
ఈ ఇల్లయినా ఆ ఇల్లయినా.
ఎంత ముత్యమమ్మినా
చెట్టును దాటి జానెడు జరగలేదు గోడ.

మంగళవారం నడిమి గోడను తడుతుంటే
ఒక్కకాడ చప్పుడు మారింది.
డొల్ల.
నక్షల లేదు.
పై గచ్చు గీకిన. నా ఛాతీ ఎత్తుల చిన్న కమాను,
మనిషి వంగి దూరేటంత,
రాళ్లు పేర్చి మూసిండ్రు.

లూల్వా అవ్వ రోజూ వచ్చినట్టే వచ్చింది,
కర్రతోని మూసిన తలుపును పొడిచింది, నవ్వింది.
ఇటునుంచి అటు నిప్పులు పోయేటియంట,
అటునుంచి ఇటు చంటిపిల్లలు.
నాకొచ్చిన అరబ్బీ నలభై మాటలు.
వాటితోనే అడిగిన: కొట్లాట ముత్యాల కాడనా?
కాదు, మిద్దె మీది తూము కాడ.
ఎవరి వాననీళ్లు ఎవరి వాకిట్ల పడాలె అని.
ఏడాదికి నాలుగు వానలు పడని ఊళ్లె!

రాళ్లు ఒక్కొక్కటి తీసినం నేను, ఆశన్న.
నాలుగో రాయికి బురుజు గాలి తమ్ముని ఇంట్లకు దూరింది.
ఆశన్న తలగుడ్డ కొస కదిలింది.
ఇద్దరం పని ఆపి కొద్దిసేపు అట్లనే నిలబడ్డం,
ఎవ్వరం మాట్లాడలే.
ఇంజనీరమ్మ నౌఫ్ వచ్చి
నక్ష మీద తలుపు గీసుకున్నది, పెన్సిలుతోని.

కమాను లోపలి అంచుకు
మూసిన మేస్త్రి వేళ్లున్నయి గచ్చుల.
మూడే గీతలు. నాలుగో వేలు లేదేమో,
లేకుంటే తొందరేమో, గచ్చు ఆగదు కద.
నా చెయ్యి పెట్టి చూసిన, అతని చెయ్యి చిన్నది.
ఎవరు పిలిచిండ్రో, ఏ ఇంటివాళ్లు కూలిచ్చిండ్రో.
గోడంతా మెత్తిన, నున్నగ తోమిన.
ఆ జానెడు విడిచిపెట్టిన.
నౌఫ్ చూసింది, ఏమనలేదు.