బోర్లించిన పలక

రాజాం నుంచి చీపురుపల్లి పోయే రోడ్డు పక్కన
మా పాత ఇనుం కొట్టు.
కాటా నాది, సుత్తి దాలమ్మది.

మొన్న లారీలో నూట నలభై వచ్చాయి.
ఎవరి పొలాల మీదో ఏళ్ల తరబడి వెల్లకిలా పడుకుని
ఆకాశం తప్ప ఇంకేమీ చూడని సోలారు పలకలు.
"చచ్చిన సరుకు" అన్నాడు క్లీనరు కుర్రాడు.

దాలమ్మ నవ్వింది.
"సచ్చిందేటి? ఓపాలి ముట్టుకో."
తెగిన తీగలు రెండూ ఎండలో తగిలి
చిటుక్కుమన్నాయి.
అద్దం బీటలిచ్చినా
లోపల నత్తలు పాకినట్టు చారలు పడినా
వెలుగు తగిలితే చాలు,
పాత అలవాటు.

అందుకే ఆవిడ ముందు పలకని గోనె మీద బోర్లిస్తుంది.
"సూరీడు సూడకండా ఇప్పాల బావూ.
ఆడు సూస్తన్నంతసేపూ ఇది పని సేస్తానే ఉంటాది,
బుగత గట్టుమీదున్నంతసేపూ
మాయమ్మ ఊడుపు సేసినట్టు."

ఫ్రేము ఊడదీస్తే అల్యూమినియం, దానికి రేటుంది.
రాగి తీగ నా బల్ల కిందే ఉంటుంది, తాళంతో.
అద్దానికి మాత్రం
నా పుస్తకంలో గడి ఉంది గానీ అంకె లేదు.
చీకటి పడ్డాక ట్రాక్టరెక్కి అది గెడ్డ ఒడ్డుకి పోతుంది.

ఒకరోజు గొర్రెల ఎర్రయ్య
కుంటుతున్న పిల్లని చంకనెత్తుకొచ్చి
దాని కాలు నా కాటా మీద పెట్టాడు.
"ఇదీ తూసీ."
గిట్టలో నీలంగా మెరిసింది ముక్క.
ముల్లు అర అంగుళం కూడా కదల్లేదు.

నెలాఖరున కంపెనీ కాయితం వస్తుంది, నేను సంతకం పెడతాను.
'పర్యావరణానికి హాని లేకుండా తొలగించబడినవి.'
తొలగించిందెవరో రాయడానికి
ఆ వాక్యంలో చోటు లేదు.
ఆ చేతి వేళ్లని రేషను మిషను గుర్తుపట్టడం మానేసి
రెండు నెలలైంది.
గాజు పొడి గీతల్ని అరగదీసింది.
"యేలుముద్ర ఇంటికాడ మర్సిపోనావా అని అడిగాడు బావూ ఆ గుంటడు"
అని చెప్పి మళ్లీ నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

నిన్న లెక్క రాస్తుంటే
నూట ముప్పై తొమ్మిదే తేలాయి.
కొట్టివేత లేకుండా
మొదటి అంకెనే దిద్దాను.
యజమాని అడిగితే ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.

పొద్దున్న అటు పోతూ చూశాను.
దాలమ్మ రేకు కప్పు మీద
రెండిటుకల ఆసరాతో
ఒక మూల పగిలిన పలక, వెల్లకిలా.
కిటికీలోంచి వేలాడుతూ తీగ,
తీగ చివర మనవరాలి ఫోను.

ఎంతసేపు పట్టిందని అడిగాను.

"పొద్దున్నెడితే పొద్దుగూకింది.
ముసిల్ది గదా, నెమ్మదిగా సేస్తాది.
ఇప్పుడెవుడు తరుంతన్నాడు దాన్ని?"