కంచె ఖరీదు

పటగోనియా గాలి రేకుల్ని పీకుతున్న రాత్రి
మా ఐలీన్ పార్కు కడుతోంది.
చేతిలో తొంభై వేలు. దీవి ఖాళీ.
"నాన్నా, ముందు ఏది కొందాం?"

నేను మ్యూజియం కాపలావాణ్ణి.
పదకొండేళ్లుగా ఎముకల పక్కన కూచుని మాతే పీల్చేవాణ్ణి.
ఇలాంటి ప్రశ్న ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు.
గొంతు సవరించుకున్నాను.

పళ్లున్నదాన్ని మొదటే కొనకు, అన్నాను.
బడిపిల్లలు బస్సు దిగి దాని దగ్గరికే పరిగెడతారు, నిజమే.
అరుస్తారు, ఫోటో దిగుతారు, అయిదు నిమిషాల్లో
మరుగుదొడ్డి ఎక్కడని నన్నడుగుతారు.
పళ్లున్నదానికి కంచె ఖరీదెక్కువ.
కంచెకు కరెంటు, కరెంటుకు జనరేటరు,
జనరేటరుకు గాలివాన.
ఆ లెక్క నాకు తెలుసు, మనింటి బిల్లు కట్టేది నేనే.

మూడుకొమ్ములది కొను.
మొహం కోపిష్టిదే గాని
మేత ఉన్నంతసేపూ గొడవ లేదు.
బాతుమూతిది కొను. రెండు కాదు, ఆరు.
దాన్ని చూడ్డానికని ఎవరూ టికెట్ కొనరు.
అయినా అది లేని పార్కు
ఉప్పు మరిచిన కూర.
వీపు మీద పలకలున్నదానికి బుర్ర నిమ్మకాయంత,
అదీ ఒకందుకు మంచిదే.
బుర్ర పెద్దదైతే కంచెలో సందు వెతుకుతుంది, తల్లీ.
మన దీవికి మెల్లగా ఆలోచించేవాళ్లే మేలు.

ఐలీన్ నవ్వలేదు.
తెర మీద ఇంకేదో చదువుతోంది.
ప్రతి జంతువు పక్కనా ఒక అంకె ఉందట,
దానికెంత తోడు కావాలో చెప్పే అంకె.
బాతుమూతికి నాలుగు. మూడుకొమ్ములదానికి మూడు.
ఒకటి తగ్గితే గీత ఎర్రబడుతుంది.
మేత మానేస్తుంది,
గేటు వైపు చూస్తూ నిలబడిపోతుంది.

ఇక ఒంటరిగా దేన్నీ కొననంది.
డబ్బయిపోయినా సరే.

చివరికి జనం అలిగారు, నక్షత్రాలు రాలాయి,
పళ్లున్నదాన్ని తేక తప్పలేదు.
హెలికాప్టరు దించి వెళ్లింది.
దాని పక్కన అంకె సున్నా.
"తప్పు రాశారు," అంది ఐలీన్,
"ఎవరికైనా సున్నా ఉంటుందా?"
మిగిలిందంతా ఊడ్చి రెండోదాన్ని తెచ్చింది.
నేను చెప్పబోయాను. చెప్పలేదు.
రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగాయి,
వాసన చూసుకున్నాయి,
ఆపైన జరిగింది చూడలేక ఆమె
తెరకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

ఒకటి మిగిలింది.
దాని గీత నిండా పచ్చగా ఉంది.

ఐలీన్ చాలాసేపు దాన్నే చూసింది.
వాళ్లమ్మ చమురు బావుల దగ్గర పద్నాలుగు రోజులు,
ఇంట్లో పద్నాలుగు రోజులు.
ఇవాళ తొమ్మిదోది, అక్కడి లెక్కలో.
నాకు పదింటికి డ్యూటీ.
పక్కింటి ఎర్మెలిందా వచ్చి సోఫాలో పడుకుంటుంది,
ఆమె గురకకు కుక్క బయటికి పోతుంది.
"నాన్నా, నీ పక్కన అంకె ఎంత ఉంటుంది?"

బూటు తాడు కట్టుకుంటున్నాను.
కట్టిన తాడే విప్పి మళ్లీ కట్టాను.

హాల్లో మా పెద్దది,
ఈ గోడ దగ్గర తల, ఆ గోడ దగ్గర తోక.
వెన్నులో సగం ఎముక, సగం ప్లాస్టరు,
ఏది ఏదో తట్టి చెప్పగలను, తట్టకూడదు గాని.
ఇది వాళ్ల ఆటలో లేదు.
ఉంటే దీవి చాలదు.
టార్చి వేసి బోర్డు చివరిదాకా చదివాను,
పదకొండేళ్లలో మొదటిసారి.
తవ్వినచోటే ఇంకో ఆరు కనపడ్డాయట.
డబ్బుల్లేక మళ్లీ మట్టి కప్పేశారట.

రెండింటికి జేబులో ఫోను వణికింది.
పడుకోమంటే వింటుందా.

"పళ్లున్నదాన్ని అమ్మేశాను.
బాతుమూతివి ఇంకో నాలుగు తెచ్చాను.
మనకిప్పుడు ఒక్క నక్షత్రమే.
నువ్వొచ్చేసరికి నిద్రలో ఉంటాను.
లేపు."