తిరుగు లోడు

కడియపులంకలో కరెంటు పోయిన రాత్రి
సిమెంటు సంచి కాగితం చింపి, బోర్లా పరిచి
బుల్లబ్బులు దాని మీద దారి గీస్తున్నాడు.
ఇటు చివర మేము. అటు చివర అనంతపురం.
మధ్యలో ఆరొందల చిల్లర కిలోమీటర్లు,
కాగితం మీద జానెడు.

జొన్నాడ దగ్గర గౌతమి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ,
రెండు వంతెనలూ దాటేదాకా మన ఊరే అన్నాడు.
ఏలూరు, బెజవాడ, గుంటూరు, వినుకొండ,
గిద్దలూరు దాటాక నల్లమల కనుమ,
దిగితే నంద్యాల, ఆపైన తాడిపత్రి.
ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చదివేశాడు.
నాకు తెలిసిన ఆఖరి ఊరు ఏలూరు,
అదీ పెద్దాసుపత్రి గేటు వరకే.

రైలుకేస్తే పోయేదిగా, అన్నాడు మేస్త్రి సూర్రావు.
రైలు దాని టైముకి అది పోతుందండీ,
మొక్క దాని టైముకి అది చస్తుంది, అన్నాను.
ఎవరూ నవ్వలేదు.

ముప్ఫై ఏళ్ళుగా వేళ్ళకి మట్టి కట్టే పని నాది.
బొండుమల్లి, నిమ్మ, సీతాఫలం
నా చేతులమీదుగా ఎక్కడెక్కడికో వెళ్ళాయి,
ఒక్కదాని కబురూ తెలీదు.
బత్తాయి అంటాం మేం, చీనీ అంటారు వాళ్ళు,
మొక్క దేనికీ పలకదు.

పోయినేడు పంపినవాటిలో సగం
నంద్యాల మిట్టమధ్యాహ్నంలో మాడిపోయాయి.
ఓబులపతి ఫోన్లో తిట్టలేదు,
అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.
"ఏం జేస్తాంలేమ్మా, యాడో దావలోనే పాణం పోయింటాది"
అన్నాడు, మనిషి గురించి చెప్పినట్టు.

ఈసారి నేనూ వస్తానన్నాను.
సెల్లు లైటు చుట్టూ పురుగులు తప్ప ఏవీ కదల్లేదు.
ఆడమనిషి లారీలోనా, అని సూర్రావు.
క్యాబిన్లో ముగ్గురం పడతామా, అని బుల్లబ్బులు.
పెన్సిలు ఇటివ్వు, అన్నాను.

వాళ్ళ దారిలో టీ కొట్లున్నాయి,
డీజిలు బంకులు, కాటాలు, బిర్యానీ బాగుండే చోటు,
పోలీసు నిలబడే మలుపు కూడా ఉంది.
నీళ్ళ చోటు లేదు. మొక్కలకీ లేదు, నాకూ లేదు.
అర్ధరాత్రి నేనెక్కడ దిగాలి,
గడియ పడే తలుపు ఎక్కడుంది,
ఆరొందల కిలోమీటర్లలో ఎవరూ గీయలేదు.

మళ్ళీ మొదట్నుంచి.
ఎండ వాలాక మూడింటికి బయల్దేరాలి.
చీకట్లోనే కనుమ దిగాలి,
నంద్యాలని సూర్యుడికి దొరక్కుండా దాటాలి.
ఏలూరు కాలవ దగ్గర మొదటి తడుపు,
వినుకొండ అవతల బంకులో రెండోది.
ఆ బంకులో బాత్రూం ఉందో లేదో కనుక్కోమన్నాను.
బుల్లబ్బులు మొహం అటు తిప్పుకుని ఫోను చేశాడు,
"మా అక్క కోసవండీ" అని.
ఉంది, తాళం మా దగ్గరే ఉంటుంది, అన్నారట.
అక్కడో చుక్క పెట్టాను.
గట్టిగా పెట్టానేమో, కాగితం చిరిగింది.

ఓబులపతికి నేనే కలిపాను.
గుంతలు తీశారా?
"తీసినాం."
ఎంత లోతు?
"మోకాలు దాంక. ఆడికి రాయి తగుల్తాది."

రాయా!
మా దగ్గర ఎంత తవ్వినా రాయి రాదు.
వరద తెచ్చి పోసిన ఒండ్రు, దాని కింద ఇసక,
దాని కింద నీళ్ళు.
పిట్టని కొట్టాలంటే మా పిల్లలు
రైలు పట్టాల మీద కంకర ఏరుకొస్తారు.
ఒక్కో మొక్కకి ఇంకో గుప్పెడు ఒండ్రు ఎక్కువ కట్టాలి,
బరువు పెరిగితే పెరిగింది.

కాగితం అడుగున ఒక గీత మిగిలింది, తిరుగు లోడు.
ఖాళీ లారీ వస్తే నష్టం.
తాడిపత్రి బండలు వేసుకొద్దాం, అన్నాడు బుల్లబ్బులు,
రావులపాలెంలో ఎవరో ఇల్లు కడుతున్నారట.
పది టన్నులు, అని రాశాడు.
దాని పక్కనే నేను రాయించాను:
ఒక బండ, నూకరత్నానిది.

కాలవ రేవులో గుడ్డలుతకడానికి
ఇన్నేళ్ళూ తాటిమొద్దే.
అదీ ఈమధ్య మెత్తబడిపోయింది.