తొమ్మిదిన్నర సీరియల్

తొమ్మిదిన్నరకు మా ఇంట్ల కుక్కర్ గూడ ఈల ఎయ్యదు.
సుగుణ కాళ్లు ముడుచుకొని సోఫాల ఆ మూలకు,
నేను ఈ మూలకు,
నడుమ మరమరాల గిన్నె.
టీవీల వాని పేరు వంశీధర్.
వాడు గూడ ప్లాట్లే అమ్ముతడు.

నాకు నవ్వొస్తది.
వాని తెల్లంగి నలగది, బూటుకు దుబ్బ అంటది,
హద్దురాయి మీద కాలు పెట్టి ఫోన్ మాట్లాడుతడు.
హద్దురాయిని ఎవడన్న తొక్కుతడా?
దానికి పొద్దుగాల సున్నం, నెత్తిన ఎర్రరంగు,
కస్టమర్ కారు దిగేలోపు ఆరాలె.
మాల్ అంగడి దాటినంక సాగర్ రోడ్డు పొంటి
పగటికి పత్తిచేను,
పొద్దుగూకేటాళ్లకు ముప్పై ఫీట్ల రోడ్డు.
ఎన్ని పాతించిననో నాకే లెక్కలేదు.

"అట్ల గాదుర," అంట టీవీతోని,
"బయానా ముట్టకముందు అసలు పట్టాదారును చూపియ్యొద్దు."
సుగుణ నవ్వుతది.
"నువ్వే రాయరాదు ఈ కథ."

మొన్న వాడు కమీషన్ కోసం అబద్ధమాడిండు.
నిన్న ఒక కాగితం మార్చిండు.
ఒక్కొక్క మెట్టే దిగుతుండు
మోటబాయిల నీళ్లకు దిగినట్టు.
నీళ్లేమో ఇంకా కిందనే ఉన్నయి.

ఇయ్యాల వాడు పీనుగున్న ఇంట్లకు పోయిండు.
ముసలాయన. దీపం. పక్కన ఎవరూ లేరు.
వంశీధర్ జేబుల నుంచి స్టాంపు ప్యాడు తీసిండు.
మ్యూజిక్ పెరిగింది.
ముసలాయన బొటనవేలు వట్టి ఒత్తిండు,
పండు మీద ఈగ వాలినట్టు
ముద్ర పడ్డది.

నా నోట్లెకెల్లి వచ్చేసింది:
"గంత అల్కగ రాదు.
వేలు అరచేతిలకు వంగి ఉంటది.
ఒక్కొక్క కణుపు సాపు జెయ్యాలె.
చప్పుడైతది."

మరమరాల గిన్నెల సుగుణ చెయ్యి
ఆడనే ఆగింది.

అడ్వర్టైజ్‌మెంట్లు. సబ్బు. సిమెంటు.
మళ్ల ఇంకో సబ్బు.

ఈదయ్యకు బతికున్నప్పుడే వేళ్లు వంకర.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు
నలభై ఏండ్లు తాగిన బొక్కలు, సున్నంబండలు.
నాలుగెకరాల పదకొండు గుంటలు,
నడుమ ఒక కానుగచెట్టు, రెండు ఎండిన బోర్లు.
వేలుముద్ర ఎయ్యనంటే ఎయ్యనన్నడు.
"ఎయ్యనీకి సక్కని వేలేది నాకు?" అని నవ్విండు గూడ.

కోడికూతకు ఫోనొచ్చింది, ఈదయ్య లేడని.
సారు అన్నడు: పాత తారీకు కాగితం ఉన్నది, నువ్వు పో.
దుకాణాలు తెరిచేదాంక ఆగిన.
పూలదండ కొన్న. ప్యాడు కొన్న.
హోటల్ల చక్కెర ఎక్కువైందని చాయ్‌వాలాతోని కొట్లాడిన.
సీరియల్ల ఇసొంటివి చూపియ్యరు.

ఆడోళ్లు నీళ్లు కాగబెట్టనీకి పెరట్లకు పోయిన్రు.
అంతే. అంతసేపే.

తానం పోస్తుంటె ముసలామె చూసింది.
మోతిబిందు కండ్లు.
ఆయన వేలును ముక్కు కాడికి తెచ్చుకొని చూసింది.
నీలిమరకను సున్నిపిండితోని రుద్దింది, పోలే.
దండ వట్టుకొని నిలబడ్డ నన్నే అడిగింది:
"ఓట్లు ఎప్పుడైనయి బిడ్డా?
నాకు చెప్పనే లేదు,
ఒక్కడే పోయి ఏసొచ్చినట్టున్నడు."

నేను అన్న:
"మొన్ననే అవ్వా."

మళ్ల మొదలైంది.
వంశీధర్ ఉరుకుతుండు, ఎనక జీపు.
మా వాకిట్లకు ఆరేండ్ల సంది ఏ జీపూ రాలే.
కానుగచెట్టు పోయింది, అరవై రెండు ప్లాట్లయినయి,
ఎవరో ఇండ్లు గూడ కట్టుకుంటున్నరు,
పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నరు.
మూలప్లాటు నూట యాభై గజాలు,
తూర్పు మొకం,
సుగుణ పేరు మీదనే ఉన్నది.
రిజిస్ట్రేషన్ నాడు కొత్తచీర కట్టుకొని వచ్చింది.

రిమోట్ తీసుకుంది.
ఛానల్ మార్చలే, సౌండు మాత్రం తీసేసింది.
వాడు నోరు తెరిచి ఉరుకుతనే ఉన్నడు.

"ఎసొంటి చప్పుడు?" అన్నది,
నా దిక్కు చూడకుండ.