కాటా

స్టాన్లీ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
యూనిఫాం సంచిలో కుక్కుకుని
పాత వణ్ణారపేటలో పిండిమర మీదున్న జిమ్ముకి పోతాను.
కింద మర తిరిగితే పైన నేల సన్నగా వణుకుతుంది.
బారు మీద ఎప్పుడూ ఒక పొర గోధుమపిండి.
"చేతులకి వేరే సుద్ద ఎందుకమ్మా" అంటాడు మునిరత్నం మాస్టారు.

నలభై ఒకటో ఏట మొదలెట్టాను.
మొదటి రోజు ఖాళీ బారుతో కూర్చుండిపోయి
సిగ్గుకి నవ్వాను.
ఆయన నవ్వలేదు.
"ఇంకా కిందికి" అన్నాడు.
తర్వాత మూడు నెలలూ అదే మాట.

ఎండాకాలం కరెంటు పోయేది.
ఫ్యాను ఆగి, మర ఆగి,
నా ఊపిరి నాకే పరాయిదానిలా వినబడేది.
భయం మోకాళ్ళలో ఉంటుందనుకున్నాను.
కాదు.
అడుగుదాకా దిగకముందే
"చాల్లే, ఎవరు చూశారు" అంటుందే,
ఆ గొంతులో ఉంటుంది.
అచ్చం నా గొంతే.

పదిహేను నెలలకి వంద.
వంద!
వార్డులో చెప్పాను, పాలబూతులో చెప్పాను,
స్ట్రెచర్ తోసే ఏళుమలై
"లిఫ్టు చెడిపోతే ఇక నిన్నే పిలుస్తాం అక్కా" అన్నాడు.
అడగని వాళ్ళకి కూడా చెప్పాను.

మొన్న ఆడి నెల వానకి కప్పు కారి
ఇనప బిళ్ళలు తుప్పు పట్టాయి.
రంగు వేయిద్దామని పక్క సందు పాత సామాన్ల కొట్టుకి మోసుకెళ్ళాం.
కొట్టు సెల్వమణి
చేతి అలవాటు కొద్దీ ఒకటి కాటా మీద పెట్టాడు.
ఇరవై అని పోతపోసిన బిళ్ళ
పద్దెనిమిదీ చిల్లర.
ఇంకోటి పెట్టించాం. మరోటి.
నాలుగూ కలిపి డెబ్బై ఆరు.

బారుతో కలిపితే తొంభై ఆరు.
ఎనిమిది నెలలుగా ఊరంతా పంచిపెట్టింది
నా దగ్గర లేని నాలుగు కిలోలు.

మాస్టారు ఏమీ అనలేదు.
జిమ్ము గోడ మీద ఆయన పంతొమ్మిదో ఏటి అంకె ఉంది,
నూట నలభై, ఎర్ర రంగుతో,
ఇవే బిళ్ళలతో.
"ఎవరికి తెలుస్తుంది మాస్టారూ, వదిలేయండి" అన్నాను,
అదే గొంతు.
ఆయన స్టూలెక్కి
మిగతా రెండు బిళ్ళలు కూడా కూడిక వేసుకుని
నలభై కొట్టేసి ముప్పై నాలుగు రాశాడు.
చెయ్యి వణికింది. మర తిరుగుతోంది మరి,
దానివల్ల కావచ్చు.

మందు ఒక్క మిల్లీ తేడా వచ్చినా
కేస్ షీటులో రాసి సంతకం పెట్టేదాన్ని.
ఇది నా షీటు.

మరలో తూచి కట్టించుకున్నాను
రెండేసి కిలోల పిండిపొట్లాలు రెండు.
బారుకి అటొకటి ఇటొకటి,
పాత చీర అంచుతో ముడేసి.
దిగాను. ఈసారి అడుగుదాకా.
లేచాను సగం,
అక్కడ నిలబడిపోయాను చాలాసేపు,
పైకీ కాదు, కిందికీ కాదు,
వెనకనుంచి మాస్టారి చేతులు బారు అందుకునేదాకా.

నోటుబుక్కులో రాశాను:
ఉదయం ఎనిమిదీ ఇరవై. నిజం వంద. లేవలేదు.
కింద సంతకం, డ్యూటీ ముద్ర లేకుండా.

రేపు సెలవు.
ఎల్లుండి ఒక పొట్లం మళ్ళీ తూయించాలి,
చిల్లుపడి, నా భుజం మీద కొంత ఒలికింది.