ఉప్పుకాగితం

కంబాడోస్‌లో, రొట్టెల కొట్టు పైన,
మెట్లెక్కగానే నా గది.
ఒక మంచం, ఒక గుండ్రటి దీపం, ఒక యంత్రం.
యంత్రం మీద ఇంకా పద్నాలుగు వాయిదాలు.
దాని మొన నుంచి తెల్లటి సన్న పొడి ఎగిరి
చర్మాన్ని గీకుతుంది.
ఆ పొడినీ, అది రాల్చిన పొట్టునీ
పక్కనున్న గొట్టం పీల్చేస్తుంది.
అంతే విద్య.
మా నాన్న పడవల అడుగుల్ని
ఉప్పుకాగితంతో రుద్దేవాడు.
"నీదీ అదే పని,
కాకపోతే నీ పడవలు మాట్లాడతాయి" అంటాడు.

ఎవరొచ్చినా ఒకే మాటతో మొదలు:
"పెద్దగా ఏం లేదు గానీ..."
ఆ పెద్దగా ఏం లేనివాటితోనే
పదకొండేళ్ళుగా అద్దె కడుతున్నాను.
బ్యాంకు గుమస్తా షాబియెర్ ముక్కు మీద
సూదిమొన పట్టేంత రంధ్రాలు.
ఉక్సియా బుగ్గల మీద
మొటిమలు పోతూ పోతూ తవ్విపోయిన గుంటలు.
పైపైవి కాస్త సర్దుకుంటాయి,
లోతువి నా చేతిలో లేవు,
ఆ మాట ముందే చెప్తాను.
చెప్పిన రోజు వాళ్ళమ్మ నన్ను చూసిన చూపు
ఇంకా ఈ గదిలోనే ఉంది.

ఎర్రటి అల వచ్చి తీరం మూసేసిన వారం
డొరిండా వచ్చింది.
అరవై రెండేళ్ళు.
అందులో నలభై నాలుగు
బురదలో నడుం వంచి ఆలిచిప్పలు ఏరడానికే.
రబ్బరు బూట్లు గుమ్మంలో విడిచి,
కోడలు కొనిచ్చిన చీటీ బల్ల మీద పెట్టి,
"పెద్దగా ఏం లేదు" అనలేదు.
అద్దానికి వేలు ఆనించి,
"ఈవిడెవరో నువ్వు చెప్పు" అంది.

సముద్రం దగ్గర ఎండ రెండుసార్లు కొడుతుంది,
నెత్తిన ఒకసారి, నీళ్ళ మీంచి ఒకసారి.
అందుకే గడ్డం కింద కూడా మంగు.
టోపీ కాపాడిన నుదుటి పై అంగుళం మాత్రం
పద్దెనిమిదేళ్ళది,
ఎవరూ తలుపు తీయని గదిలా.
దాని కిందంతా గరుకు, మసక,
ఉప్పు పట్టిన కిటికీ అద్దం.

"పిల్లి నాకినట్టుంది" అంది.
నవ్వొద్దన్నాను. ఇంకా నవ్వింది.
కంటి చివరి గీతలు
నా చేతికింద చేపపిల్లల్లా చెదిరాయి.
పై పెదవి మీద గీతల దగ్గర
"అవి సిగరెట్లవి, తిట్టకు" అంది.
ఎడమ దవడ మీద తెల్లటి వంకర మచ్చ.
నా చెయ్యి ఆగింది.
"గాలం. ఎనిమిదేళ్ళప్పుడు
మా తమ్ముడు విసిరాడు."
అది పోదు, అన్నాను.
"పోతుందేమోనని భయపడ్డాను" అంది.
తమ్ముడి సంగతి అడగలేదు.
ఈ ఊళ్ళో తమ్ముళ్ళ సంగతి ఎవరూ అడగరు.

సగంలో లేచి కూర్చుంది.
"మిగతా డబ్బుకి చేతులు చెయ్యి.
మొహం నాకేం కనిపిస్తుంది?
రోజంతా నేను చూసేది వీటినే."
చేతుల వెనక తోలు పలచన.
జోరు తగ్గించి, ఊపిరి బిగబట్టి
కాఫీ మరకల్లాంటి మచ్చల మీదుగా
మెల్లగా జరిపాను.

అయ్యాక సీసా చూపించమంది.
అడుగున బూడిదరంగు పిండి.
"ఇది నేనేనా?"
"పైపైన నువ్వు."
వేలితో అద్ది వాసన చూసింది.
"ఉప్పు లేదే" అంది,
ఎవరో మోసం చేసినట్టు.

ఇంకో ఐదుసార్లు రావాలి,
ఎండలో తిరగొద్దు, అన్నాను.
అంటూనే నాకు సిగ్గేసింది.
సోమవారం తీరం తెరుస్తారట.
ఎండకి రాసుకునే గొట్టం ఒకటి
ఆమె కోటు జేబులో పెట్టాను.
అది కూడా చేపల కంపు కొడుతుందిలే అంటూ
మెట్లు దిగింది.

సాయంత్రం కింద రొట్టె కొంటుంటే
కొట్టామె అడిగింది:
"డొరిండా మొహం పైసగం
కడిగిన ముత్యంలా ఉందేంటి?
కిందిసగం అలాగే ఉందేం?"
పోటు ఇంకా పూర్తిగా తియ్యలేదు, అన్నాను.